ఱెక్క విఱిగిన విమానము

గత సంక్రాంతి వెళ్లిన మూడవనాడు, ఉదయము తొమ్మిది గంటలవేళ, మా బొమ్మవిమానము ఒక మెట్టచేని గట్టును ముక్కుతో పొడిచి నేలగూలెను. అది నేలకు వచ్చుటకు పట్టిన కాలము ఐదాఱు సెకండ్లు. దానిని మరల లేపుటకు మాకు పట్టిన కాలము రెండు మాసములకు పైగా. ఈ రెండు మాసములలో కఱ్ఱను గూర్చి మేము నేర్చినది కొంత, మమ్ము గూర్చి తెలిసికొన్నది కొంత. రెండవదానిని దాచుకొన్నచో మొదటిదానిని వ్రాయుటకు మాకు హక్కు లేదని తోచి యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

బొమ్మ యన్నంతమాత్రమున చదువరులు దీనిని తిరునాళ్ల సరుకుగా నెంచవలదు. ఇంగ్లండులో డీ హావిలాండ్ కంపెనీవారు నిర్మింపగా 1931 అక్టోబరు 26వ తేదీన తొలిసారి యెగిరిన టైగర్ మాత్ అను శిక్షణవిమానమునకు ఇది ఆఱవవంతు నమూనా. ఒకదానిపై నొకటిగా రెండంతస్తుల ఱెక్కలు గలది యగుటచే దీనిని బైప్లేను అందురు. అసలు విమానపు ఱెక్కలు ఈ కొననుండి ఆ కొనకు 29 అడుగుల 4 అంగుళములు. మా దానివి 59 అంగుళములకు రవంత తక్కువ. దానికి పెట్రోలు ఇంజను, దీనికి బ్యాటరీతో తిరుగు మోటారు. నడపువారు నేలపైననే నిలిచి చేతిలోని ట్రాన్స్‌మిటరు పుల్లలను కదపినచో, 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతరంగములు ఆ కదలికను విమానములోని రిసీవరునకు చేర్చును; రిసీవరు సర్వోలను చిన్న యంత్రములను త్రిప్పును; అవి సన్నని తీగలను లాగియు నెట్టియు ఱెక్కల చివరి పలకలను, తోకపలకలను ఆడించును. ఇంతే దీని మర్మము.

ఇన్ని విమానము లుండగా దీనినే కోరుకొనుటకు కారణ మున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బేగంపేటలో విమానవిద్య నేర్చినవారు మొదట నెక్కినది ఈ టైగర్ మాతే. ఆ రోజులలో హైదరాబాదున చదువుకొన్న మా పెదతండ్రిగారు, తరగతిలో కిటికీవైపు చూచుచు దెబ్బలు తిన్న సంగతి మా చిన్నతనమున ఎన్నిమారులో చెప్పియుండిరి. దీని ఆకృతిలో మాకు మిక్కిలి నచ్చిన విశేష మొకటి కలదు. ముందు కూర్చున్న మనుష్యుడు ఆపదవేళ పారాచూట్‌తో బయటపడుటకు పై ఱెక్క అడ్డువచ్చుచుండెడిదట. నిర్మాతలు ఆ పై ఱెక్కను ముందునకు జరిపిరి. జరుపగా బరువు సమతూకము చెడెను. అందుచే ఱెక్కలను కొంచెము వెనుకకు వాల్చి తూకమును సరిచేసిరి. మనుష్యుడు బయటపడుటకు దారి యిచ్చిన పిమ్మటనే అందము సంగతి చూచుకొన్నారు. ఆ వాలే యిప్పుడు దాని అందమైనది.

మా దౌహిత్రి యొకతె మాయొద్దనే యుండి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. తల్లిదండ్రు లిద్దఱు దూరపు ఉద్యోగములలో నున్నారు. ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన మాకును, బడినుండి వచ్చిన ఆమెకును సాయంకాలములు గడుచుట కష్టముగా నుండగా, నిరుడు వానకాలమున ఈ విమానపు కఱ్ఱముక్కల పెట్టెను తెప్పించితిమి. వెనుకవసారాలో బల్ల వేసి, ఐదు మాసములు ఇద్దఱము కూర్చుండి దానిని కట్టితిమి. ఱెక్కలోని అడ్డుపలకలు తొంబదికి పైగా నుండెను. వానిలో సగము ఆమె చేతి పనియే. 1936లో సరళా తుక్రాల్ అను ఇరువదియొక్క యేండ్ల యిల్లాలు, చీర కట్టుకొనియే, జిప్సీ మాత్ అను ఇటువంటి బైప్లేనునే ఒంటరిగా నడపిన కథ మేమే ఆమెకు చెప్పితిమి. ఆమె యెచ్చటనో ఆ బొమ్మను సంపాదించి బల్లపై గోడకు అంటించుకొన్నది. నడపుటయు కంప్యూటరులోని అభ్యాసపు ఆటలో ఆమె మాసములు సాధనచేసినది. నిజము చెప్పవలసినచో, ఆ యాటలో మేము పదిసార్లు కూల్చినచో ఆమె ఒక్కసారి కూల్చెడిది.

పండుగకు చుట్టములందఱు వచ్చియుండిరి. విమానాశ్రయమునకు దూరమున, అనుమతి అక్కఱలేని ఆకుపచ్చ మండలమని 2021 నాటి డ్రోను నియమముల పటములో చూచుకొని, ఊరికి ఆఱు మైళ్ల దూరమున ఒక మెట్టబీడును ఎంచుకొంటిమి. మూడు కార్లలో పదునేడుగురము పోతిమి. పిల్లలు, వియ్యాలవారు, అరిసెల డబ్బా, అన్నియు వచ్చినవి. ఆమె ట్రాన్స్‌మిటరు చేతబట్టి, "తాతయ్యా, ఒకసారి రెక్కలు ఆడించి చూద్దామా?" అని యడిగినది. "నిన్న రాత్రి నేనే చూశాను. అందఱూ ఎండలో నిలబడ్డారు, కానీ" అంటిమి.

విమానము చక్కగా పరుగెత్తి లేచినది. ఇరువది అడుగుల యెత్తునకు పోవునంతలో కుడివైపునుండి గాలి కొట్టి కుడి ఱెక్కను లేపినది. విమానము ఎడమకు ఒరిగినది. నిలుపవలసినది పోయి, మఱింత ఒరిగి, వెల్లకిలగా తిరుగబోయి, గట్టుపై పడినది. బొమ్మలకొలువు మెట్లు కూలినట్టి చప్పుడు వినవచ్చినది.

ఆమె తెల్లబోయి నిలిచి, "తాతయ్యా, నేను కుడికే తిప్పాను. అది ఎడమకే పోయింది" అన్నది.

అప్పుడు మేమన్న మాటను ఇచ్చట వ్రాయుటకు సిగ్గగుచున్నది, అయినను వ్రాసెదము. "పాడుచేసినవాళ్లందఱూ ఇలాగే చెబుతారు. ఆడపిల్ల చేతికివ్వడం నాదే బుద్ధితక్కువ" అంటిమి. పదునేడుగురి యెదుట అంటిమి. స్త్రీవిద్యను గూర్చి నలువది యేండ్లుగా సభలలో మాటలాడిన నోటితోనే అంటిమి. చుట్టములలో ఒకరు తలయూచిరి. మఱియొకరు, "పోనిద్దురూ, మగపిల్లలకే చేతకాదు" అని ఓదార్చిరి. ఆ యోదార్పు మాకప్పుడు హాయిగా నుండెనని కూడ ఒప్పుకొనవలెను.

ఆ రాత్రి గోడమీది బొమ్మ లేదు. ఎవరు తీసిరని మేము అడుగలేదు. ఆమె వేళకు బడికి పోవును, వేళకు భుజించును, అడిగినదానికి బదులు చెప్పును. వెనుకవసారావైపు మాత్రము రాదు.

ఇక విమానపు సంగతి. చచ్చినవారి ఆస్తిని లెక్కవ్రాసినట్లు విఱిగినవానిని బల్లపై పఱచి పట్టీ వ్రాసితిమి. ప్రొపెల్లరు రెండు ముక్కలు. మోటారును మోయు ముక్కుపలక పగిలి ఊడినది. చక్రముల ఉక్కుతీగ వంగినది. ఎడమవైపు రెండు ఱెక్కలను కలుపు నిలువుకఱ్ఱలు రెండును విఱిగినవి. ఎడమవైపు క్రింది ఱెక్కలో అడ్డుపలకలు నాలుగు నుగ్గయినవి; ఱెక్కకు వెన్నెముకవంటి పొడుగాటి కఱ్ఱ మొదటికి జానెడు దూరమున విఱిగినది. తోక చెక్కుచెదరలేదు. బ్యాటరీ మాత్రము సొట్టపడి కొంచెము ఉబ్బినది. ఇట్టి లిథియము బ్యాటరీలు దెబ్బతిన్న పిమ్మట ఎంతసేపటికైనను అంటుకొనవచ్చును గనుక, దానిని ఇసుక నింపిన బాల్చీలో బెట్టి పెరటిలో విడిచితిమి. తులసికోట ప్రక్కన ఈ నిప్పులకుంపటి యేమని మా గృహిణి దానిని గోడవెలుపలికి సాగనంపినది. క్రొత్త బ్యాటరీకి వ్రాయగా పది దినములలో వచ్చునని బదులు వచ్చెను. అందుచే మోటారును, సర్వోలను పరీక్షించు పనిని వాయిదావేసి కఱ్ఱపనికి దిగితిమి.

ఈ విమానములో ముప్పాతిక పాలు బాల్సా అను కఱ్ఱ. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశమునుండి వచ్చును. మన టేకు ఘనమీటరు 650 కిలోలు తూగినచో ఇది సుమారు 160 కిలోలు తూగును. గోటితో నొక్కిన సొట్టపడును. అయినను బరువునుబట్టి చూచిన దీని బలము తక్కువది కాదు. దీనిని అతుకుటకు ఫెవిక్విక్‌వంటి జిగురు చాలును. ఈ జాతి జిగురు కథ వింతయైనది. 1942లో అమెరికాలో తుపాకుల గుఱిచూపు పరికరములకై పారదర్శకమగు ప్లాస్టికును వెదకుచున్న రసాయనశాస్త్రజ్ఞులు దీనిని కనుగొని, ప్రతిదానికి అంటుకొనుచున్నదని విసుగుచెంది ప్రక్కన పెట్టిరి. అంటుకొనుటయే దాని గుణమని తెలిసి అమ్మకమునకు బెట్టునప్పటికి 1958వ సంవత్సరము వచ్చినది. అడ్డుపలకలకు అది చాలును గాని, వెన్నుకఱ్ఱకు పనికిరాదు. గట్టిపడిన పిమ్మట పెళుసుగా నుండి, కుదుపునకు విఱుగును. వెన్నుకఱ్ఱకు రెండు గొట్టములలోనిది కలుపుకొను ఎపాక్సీయే శరణ్యము.

అతుకుటలోను ఒక పద్ధతి కలదు. విఱిగిన రెండు మొనలను ఎదురెదురుగా నిలిపి అంటించినచో అది అతుకు కాదు, ఆశ. రెంటిని ఏటవాలుగా కోసి, ఒకదానిపై నొకటి పరుండునట్లు చేయవలెను. పావు అంగుళము మందముగల కఱ్ఱకు మూడంగుళముల వాలు, అనగా ఒకటికి పండ్రెండు పాళ్లు. అంత వాలున్నచో జిగురుపై లాగుడు తగ్గి, ఒరపిడి యంతయు విశాలమగు తలముపై పంచుకొనబడును. మేము మొదట అంగుళపు వాలుతో సరిపెట్టబోతిమి. వీధిచివర వడ్రంగము చేయు ఆచారిగారికి చూపగా ఆయన నవ్వి, "మాస్టారండీ, ఇది తలుపుచెక్క కాదు కదండీ. కఱ్ఱ ఖర్చు చూసుకుంటే పని ఖర్చయిపోద్దండి" అనెను. అతుకునకు రెండుప్రక్కల పలుచని ప్లైవుడ్డుతో దన్ను కట్టుదుమా యని యడుగగా, కట్టవచ్చుననియు, ఆ దన్నుల కొనలను మొద్దుగా నుంచక సన్నగా చెక్కవలెననియు చెప్పెను. "మీరు బాగా బిగించినచోట ఇంకెప్పుడూ విరగదండి. బిగింపు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ విరుగుద్దండి" అనెను. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పిన మాకు, ఎదురుగా నిలిచి పాఠము వినుట కొంత క్రొత్తగా నుండెను. ఆయన దుకాణమును దాటి మేము దినమునకు రెండుమార్లు నడచెదము; పని చెప్పుటకు దప్ప ఒక్కనాడును లోపల కాలుపెట్టలేదు.

పదునొకండవనాడు బ్యాటరీ వచ్చినది. ఎడమ ఱెక్క ఇంకను బల్లపైననే యున్నది. కుడి ఱెక్క మాత్రము తగిలియున్న విమానమునకు బ్యాటరీ కలిపి, వెనుక నిలిచి, ట్రాన్స్‌మిటరు పుల్లను కుడికి త్రోసితిమి. విమానము కుడికి ఒరుగవలెనన్నచో కుడి ఱెక్కకొన పలక పైకి లేవవలెను. అది క్రిందికి దిగినది.

మరల త్రోసితిమి. మరల దిగినది. కన్నద్దములు తుడుచుకొని, మొదటినుండి ప్రారంభించితిమి. ఫలము మాఱలేదు.

అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఎగురవేయుటకు ముందటి రాత్రి, పదునొకండు గంటలు దాటిన వెనుక, ఱెక్కలనడుమ నున్న సర్వో చక్రమునుండి పోవు తీగలు ఒక కఱ్ఱముక్కకు రాచుకొనుచుండగా, వానిని చక్రపు వెనుక రంధ్రములనుండి విప్పి ముందు రంధ్రములకు తగిలించితిమి. రాపిడి తీఱినది. కాని, చక్రము కుడికి తిరిగినప్పుడు వెనుక రంధ్రము ఒకవైపు పోవునెడల ముందు రంధ్రము ఎదిరివైపు పోవును. ఇది బండిచక్రమును చూచిన పసివానికి తెలిసిన సంగతి. మార్చినవారము ట్రాన్స్‌మిటరులో దిక్కు మార్చు మీట నొక్కవలెను, మఱచితిమి. ఆమె కుడికే త్రిప్పినది. అది ఎడమకే పోయినది. ఒరుగుచున్నదని ఆమె యింకను త్రిప్పినది, త్రిప్పినకొలది మునిగినది. ఆమె చేసినదంతయు సరియే. ఇద్దఱిలో నిజము చెప్పినది ఆమెయే. విమానము లేపుటకు ముందు వెనుక నిలిచి పలకల దిక్కు చూడవలెనన్నది ఈ విద్యలో మొదటి పాఠము. దానిని ఆమెకు చెప్పినవారము మేము, ఆమె యడిగినప్పుడు వలదన్నవారమును మేమే.

ఆ సాయంకాలమే ఆమెకు చెప్పితిమని వ్రాయగలిగిన ఎంత బాగుండెడిది! చెప్పలేదు. తీగలను మెల్లగా వెనుక రంధ్రములకు మార్చి, రాచుకొను కఱ్ఱను ఆకురాయితో అరుగదీసి, దీపమార్పి పండుకొంటిమి. మఱునాడును చెప్పలేదు. మూడవనాడు మాలో నొక న్యాయవాది బయలుదేఱి, ఆ యెత్తున గాలి కొట్టినచో ఎవరికైనను కష్టమేయని వాదింపసాగెను. పెద్దవాడు పిల్లతో తప్పొప్పుకొన్నచో ఇంటి మర్యాద యేమగునని యింకొకడు లేచెను. ఈ రెండవవానిని మేము ఇదివఱకు ఇతరుల యిండ్లలో చూచి వ్యాసములు వ్రాసితిమి. మా యింట నున్నాడని యెఱుగము.

నాలుగవనాడు మా గృహిణికి చెప్పితిమి. ఆమె బియ్యము చెఱుగుట ఆపలేదు. "దానికి చెప్పారా?" అన్నది. ఈ రాత్రి గదిలోనికి పిలిచి చెప్పెదమంటిమి. "ఏమండీ, నలుగురిలో అన్న మాట నాలుగు గోడల మధ్య వెనక్కి తీసుకుంటారా?" అన్నది. చేట చప్పుడు మరల మొదలయ్యెను.

ఆ రాత్రి పిలిచి చెప్పితిమి. తీగలను విప్పి, ముందు రంధ్రములకు తగిలించి, ఏమి జరిగినదో చూపితిమి. ఆమె చాలసేపు చక్రమునే చూచుచుండెను. "అయితే నేను తిప్పకుండా వదిలేసి ఉంటే అంత తొందరగా పడేది కాదు కదా" అన్నది. మా మాటను గూర్చి యొక్క పలుకు పలుకలేదు. "ఆ మాట అందఱి ముందూ అన్నాను గనుక అందఱి ముందే చెబుతాను" అంటిమి. "సరే తాతయ్యా" అని పోయి పండుకొన్నది. మమ్ము నమ్మినదో లేదో తెలియరాలేదు.

మఱునాటి సాయంకాలము వసారాలోనికి వచ్చినది. వచ్చుటతోడనే మా పనిలో తప్పు పట్టినది. మేమెంతో గర్వముగా అతికిన ఎడమ ఱెక్క ఆఱునప్పుడు మెలివడి, ముందంచు రెండు డిగ్రీలు దిగియున్నది. మా కంటికి అది సూటిగానే యున్నది. ఆమె దారము కట్టి, కోణమానినితో కుడి యెడమలు కొలిచి చూపినది. రెండంతస్తుల ఱెక్కలలో పైదానికి క్రిందిదానికి గల కోణము ఇరుప్రక్కల ఒక్కటిగా లేనిచో విమానము ఎల్లప్పుడు ఒకప్రక్కకు లాగుచుండును. మంచి అతుకును విప్పుట క్రొత్త అతుకు వేయుటకంటె కష్టము. వేడిచేసి, మెత్తబఱచి, సన్నకత్తితో ఊడదీసి, మరల వాలులు నునుపుచేసి, ఈమాఱు చదునగు గాజుపలకపై బరువులు పెట్టి ఒక రాత్రి పగలు కదల్పక యుంచితిమి. పసుపుపచ్చని ప్లాస్టికు పొరను ఱెక్కపై పఱచి ఇస్త్రీపెట్టెతో బిగించు పని ఆమెదే. ఆ పొర వేడికి ముడుచుకొని మద్దెల తోలువలె బిగియును. ఒకచోట వేడి హెచ్చిన తూటుపడును. మేము రెండు తూట్లు చేసిన పిమ్మట పెట్టెను ఆమె చేతికే విడిచితిమి.

తుదకు తూచి చూడగా విమానము మునుపటికంటె అఱువది గ్రాములు హెచ్చినది. ఎడమ ఱెక్కలో దన్నులు, జిగురు కలిసి ఇరువదిరెండు గ్రాములు. అది మొదటికి దగ్గఱగా నున్నది గనుక, కుడి ఱెక్క కొనన నాలుగు గ్రాముల బరువున్నచో తూకము సరిపోవునని లెక్క తేలినది. ఆమె మా చొక్కాజేబులోనుండి ఒక రూపాయి నాణెము తీసి కొనపలక లోపల అంటించినది. గోడమీది బొమ్మ ఎప్పుడు మరల వచ్చినదో మేము చూడలేదు. ఒకనాడు తలయెత్తగా అచ్చటనే యున్నది, ఒక మూల చిరిగి.

ఉగాదికి చుట్టములు మరల కూడిరి. తలయూచినవారును, ఓదార్చినవారును వచ్చిరి. రాలేనివారు ముగ్గురే; వారికి ఉత్తరములు వ్రాసితిమి. అదే బీడునకు పోయి, విమానమును నేలపై నుంచి, అందఱు వినునట్లు చెప్పితిమి. సంక్రాంతినాటి తప్పు మా చేతిదనియు, పిల్ల సరిగా నడపినదనియు, పరీక్షింపుదమని ఆమె యడిగినను మేమే కాదంటిమనియు, ఆడపిల్ల యని మేమన్న మాట అబద్ధమును అవమానమును గలదనియు చెప్పి, ఆమెను క్షమింపుమని కోరితిమి. గొంతు రెండుమార్లు పట్టినది. కొందఱు నేలచూపులు చూచిరి. ఓదార్చిన బంధువు, "అయ్యో, అంత పెద్దమాట ఎందుకండీ, చిన్నపిల్లకి ఆయుక్షీణం" అనిరి. మా గృహిణి ఆయనకు ఉగాదిపచ్చడి గిన్నె అందించినది.

ఆమె కన్నీరు పెట్టలేదు, నవ్వలేదు. "తాతయ్యా, నువ్వు వెనకాల నిలబడు. నేను తిప్పుతాను, నువ్వు పైకి చెప్పు" అన్నది. వెనుక నిలిచితిమి. కుడికి త్రిప్పినది. "కుడిది పైకి" అంటిమి. ఎడమకు త్రిప్పినది. "ఎడమది పైకి." తోకపలకలను కూడ అట్లే అడిగినది. ఎండలో పదునలుగురు నిలిచియుండిరి, ఎవరును తొందరచేయలేదు.

విమానము లేచి, కొంచెము ఎడమకు లాగి, సర్దుకొని, తాటిచెట్ల మీదుగా తిరిగినది. ఏడు నిమిషము లెగిరినది. దిగునప్పుడు రెండుమార్లు గెంతి, తోకక్రింది ఆనుడుపుల్ల ఊడి చేనిలో పడినది. పిల్లలందఱు దానిని వెదుకుటకు పరుగెత్తిరి.